పరిశోధకుల పేపర్లు, సైటేషన్లు, హెచ్-ఇండెక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

పరిశోధకుల ప్రచురణల జాబితాలు సరిచూడటం నా రోజువారీ పని. ప్రమోషన్ ఫైలు కట్టేవాళ్లు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు, గైడ్ కోసం వెతుక్కునేవాళ్లు, రేపు సెలక్షన్ కమిటీలో కూర్చోబోతున్నవాళ్లు వచ్చి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. జవాబులు మాత్రం అడిగేవారి రంగాన్ని బట్టి మారిపోతాయి. గణితం వారికి చెప్పిన మాట వైద్యం వారికి పనికిరాదు. ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

అసలు సైటేషన్ అంటే ఏమిటి?

ఎవరో రాసిన పేపర్ చివర ఉండే రిఫరెన్సుల్లో మీ పేపర్ కనిపిస్తే మీకు ఒక సైటేషన్ వచ్చినట్టు. లోపల మీ పని గురించి ఒక్క ముక్కలో ముక్తసరిగా చెప్పినా, పది చోట్ల చర్చించినా లెక్కకు ఒకటే. పొగిడినా ఒకటే, ఏకిపారేసినా ఒకటే. ఈ సంగతి గుర్తుంచుకోకపోతే కింది జవాబుల్లో సగం అర్థం కావు.

ఎవరు ఎవరిని ఉదహరించారో ఒక సూచికలో పెట్టాలన్న ఆలోచనను యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించారు. 1964లో ఆయన సంస్థ నుంచి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. అది మొదట పుట్టింది వెతుకులాట కోసం. చేతికి ఒక పాత పేపర్ దొరికితే, ఆ తర్వాత అదే విషయం మీద ఎవరెవరు ఏం రాశారో దారి పట్టుకుని వెళ్లవచ్చు. అదే లెక్క ఇవాళ ఉద్యోగాలూ ప్రమోషన్లూ తేల్చేదాకా వచ్చింది.

హెచ్-ఇండెక్స్ ఎలా లెక్కేస్తారు?

ఒకరి పేపర్లు ఎన్ని, వాటిని ఎన్నిసార్లు ఉదహరించారు అన్న రెండిటినీ కలిపి ఒకే అంకెలో చెప్పేది హెచ్-ఇండెక్స్. కాగితం తీసుకోండి. ఒకాయనకు పది పేపర్లున్నాయి అనుకుందాం. వాటికి వచ్చిన సైటేషన్లను పెద్దదాని నుంచి చిన్నదానికి రాస్తే: 48, 33, 21, 9, 7, 6, 6, 3, 1, 0.

ఇప్పుడు ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ వెళ్లండి. పేపర్ వరుస సంఖ్య కన్నా దాని సైటేషన్లు తక్కువైన చోట ఆగిపోవాలి. ఐదో పేపర్‌కు 7 ఉన్నాయి, ఫరవాలేదు. ఆరోదానికి 6, సరిగ్గా సరిపోయింది. ఏడోదానికీ 6 ఉన్నాయి కానీ అక్కడ 7 కావాలి. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. ఆరు పేపర్లకు కనీసం ఆరేసి సైటేషన్లు ఉన్నాయని దాని అర్థం, అంతే.

ఇదే జాబితాను ఇంకాస్త తిప్పి చూడండి. మొదటి పేపర్‌కు 48 బదులు 480 వచ్చినా హెచ్-ఇండెక్స్ 6 దగ్గరే ఉంటుంది. ఒక రంగాన్నే మలుపు తిప్పిన పేపర్ కూడా ఈ లెక్కలో ఒక్క మెట్టే. మరోవైపు, ఆరో పేపర్‌కూ ఏడో పేపర్‌కూ చెరొక సైటేషన్ వచ్చిందంటే చాలు, 7 అయిపోతుంది. అంటే ఆయన తన తర్వాతి పేపర్ రిఫరెన్సుల్లో ఆ రెండూ చేర్చుకుంటే పని అయిపోయినట్టే. ఈ రంధ్రం గురించి కింద మళ్లీ మాట్లాడుకుందాం.

పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో కనిపించే ఐ10-ఇండెక్స్ ఇంకా తేలిక: పది లేదా అంతకు మించి సైటేషన్లున్న పేపర్లు ఎన్ని? మన ఉదాహరణలో మూడు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించింది హోర్హె హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త. ఇది ఘోరంగా విఫలమయ్యే సందర్భాలూ, చెడు ఫలితాలిచ్చే సందర్భాలూ ఉన్నాయని 2020లో ఆయనే రాశారు. కనిపెట్టినవారే ఆ మాట అన్నాక మనం దానికి దండం పెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు.

నాకు గూగుల్ స్కాలర్‌లో 412 సైటేషన్లు, స్కోపస్‌లో 190. ఏది నిజం?

రెండూ నిజమే. ఎవరి వల వారిది.

గూగుల్ స్కాలర్ వల చాలా పెద్దది. జర్నల్ పేపర్లతో పాటు థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో అచ్చు కాకముందే బయటపెట్టినవి), కాన్ఫరెన్స్ పేపర్లు, పుస్తకాలు, ఎవరో తమ యూనివర్సిటీ సైట్‌లో పెట్టుకున్న పీడీఎఫ్‌లు, అన్నీ అందులో పడతాయి. చెత్త కూడా పడుతుంది. ఒకే పేపర్ రెండు రూపాల్లో చేరి రెండుసార్లు లెక్కలోకి రావడం మామూలే. ఎల్సివియర్ అనే ప్రచురణ సంస్థ వారి స్కోపస్, ఇప్పుడు క్లారివేట్ అనే కంపెనీ చేతిలో ఉన్న వెబ్ ఆఫ్ సైన్స్ మాత్రం తాము ఎంపిక చేసుకున్న జర్నళ్లు, కాన్ఫరెన్సులు, కొన్ని పుస్తకాల నుంచి వచ్చిన సైటేషన్లనే లెక్కిస్తాయి. అందుకే అక్కడ అంకె చిన్నది. 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్ అనే సూచిక ఉచితం, డేటా మొత్తం ఎవరైనా దింపుకోవచ్చు.

నా సలహా ఒక్కటే. బయోడేటాలో అంకె రాస్తే పక్కనే ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఏ తేదీన చూశారో రాయండి. ఇద్దరిని పోలుస్తున్నప్పుడు ఒకరిది గూగుల్ స్కాలర్‌లో, ఇంకొకరిది స్కోపస్‌లో చూస్తే అది పోలికే కాదు. ఇది చిన్నపిల్లలకు చెప్పినట్టుంది కానీ, కమిటీల ముందుకు వచ్చే పట్టికల్లో ఈ పొరపాటు నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

మా స్నేహితురాలికి హెచ్-ఇండెక్స్ 40, నాకు 11. ఆమె జీవశాస్త్రం, నేను గణితం. నేను అంత వెనకబడ్డానా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది గొంతు కాస్త తగ్గుతుంది. టెన్షన్ పడకండి.

సైటేషన్లు ఎక్కడి నుంచి వస్తాయో చూడండి. జీవ, వైద్య రంగాల్లో ఒక పేపర్ చివర నలభై, యాభై రిఫరెన్సులు మామూలు. గణితంలో పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. అక్కడ ల్యాబుల్లో పదిమంది కలిసి పనిచేస్తారు, ఒక్కొక్కరి పేరు ఏడాదికి ఐదారు పేపర్ల మీద రావచ్చు. గణితంలో ఒక్కరో ఇద్దరో కూర్చుని రెండేళ్లు పట్టే పేపర్ రాస్తారు, అది అచ్చు కావడానికి ఇంకో రెండేళ్లు. చెరువులోకి వచ్చే నీరే తక్కువైనప్పుడు ఎవరి బిందెలోనైనా తక్కువే ఉంటుంది.

హిర్ష్ తన 2005 పేపర్‌లోనే ఈ తేడా చూపించారు. అప్పటి భౌతిక శాస్త్రవేత్తల్లో అందరికన్నా పైన ఎడ్వర్డ్ విటెన్ ఉన్నారు, ఆయనది 110. జీవశాస్త్రాల్లో సాలమన్ స్నైడర్‌ది 191. దీన్ని పట్టుకుని విటెన్ కన్నా స్నైడర్ దాదాపు రెట్టింపు గొప్పవారని ఎవరూ అనరు కదా! పెద్దవాళ్ల విషయంలో ఇట్టే తెలిసే ఈ సంగతి, ప్రమోషన్ ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మరుగున పడిపోతుంది.

రంగం లోపల కూడా తేడాలుంటాయి. గణితంలోనే గణాంక శాస్త్రం వైపు వెళ్తే సైటేషన్లు ఎక్కువ, శుద్ధ బీజగణితం వైపు తక్కువ. వైద్యంలో క్యాన్సర్ మీద పనిచేసేవారికీ, అరుదైన ఒక జబ్బు మీద పనిచేసేవారికీ పోలికే లేదు.

మరి వేర్వేరు రంగాల వారిని పోల్చడానికి దారే లేదా?

కొంతవరకు ఉంది. ఒక పేపర్‌కు వచ్చిన సైటేషన్లను అదే రంగంలో, అదే ఏడాది, అదే రకంగా వచ్చిన పేపర్ల ప్రపంచ సగటుతో భాగిస్తారు. స్కోపస్ లెక్కల్లో దీన్ని ఫీల్డ్-వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్ అంటారు. 1 వస్తే సగటుకు సమానం, 1.5 వస్తే సగటు కన్నా యాభై శాతం ఎక్కువ, 0.6 వస్తే తక్కువ.

జాగ్రత్తలు రెండు. పేపర్లు తక్కువగా ఉన్నవారి విషయంలో ఈ అంకె ఊగిపోతుంది. పన్నెండు పేపర్లున్న ఒకరికి వాటిలో ఒక్కటి పేలిపోయిందంటే మొత్తం అంకె 4కో 5కో ఎగిరిపోతుంది, మిగతా పదకొండూ ఎవరూ చదవకపోయినా సరే. ఇక రెండోది: ‘అదే రంగం’ అన్నది ఎవరు తేల్చారు? చాలావరకు పేపర్ అచ్చయిన జర్నల్‌కు ఆ డేటాబేస్ తగిలించిన ముద్రే. ఆ ముద్ర తప్పయితే పోలికా తప్పే.

రెండు మూడు రంగాల్లో పనిచేసేవారి రికార్డును ఎలా చదవాలి?

ఇక్కడే అసలు చిక్కు. ఒక గణాంక శాస్త్రవేత్త కొత్త పద్ధతి కనిపెట్టి గణాంక శాస్త్రపు జర్నల్‌లో రాస్తారు, దాన్ని వాడుకునేది డాక్టర్లు. 1958లో ఎడ్వర్డ్ కాప్లన్, పాల్ మయర్ కలిసి రాసిన పేపర్ ఇలాంటిదే. రోగులు ఎంతకాలం బతికారో, కొందరి సమాచారం మధ్యలోనే ఆగిపోయినా అంచనా వేయడానికి అందులో ఒక దారి చూపించారు. అచ్చయింది అమెరికన్ గణాంక శాస్త్ర సంఘం జర్నల్‌లో, సైటేషన్లు కుప్పలుగా వచ్చింది వైద్య పేపర్ల నుంచి. లోకంలో అత్యధికంగా ఉదహరించే పేపర్లలో అదొకటి. దాన్ని మిగతా గణాంక పేపర్లతో పోలిస్తే ఆకాశమంత ఎత్తున కనిపిస్తుంది. వైద్యంలోని పద్ధతుల పేపర్ల పక్కన పెడితే ఇంకోలా ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కూడా ఉంది. భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ రెండూ కలిపి పనిచేసే ఒకరి ఫైలు నా దగ్గరికి వచ్చింది. కంప్యూటర్ సైన్స్ వారు ‘పెద్ద కాన్ఫరెన్సుల్లో నాలుగే ఉన్నాయి’ అన్నారు. భాషాశాస్త్రం వారు ‘పుస్తకం ఏది?’ అన్నారు. ఇద్దరికీ సగం మనిషే కనిపించారు. అప్పటి నుంచి నేను ఇలాంటి ఫైలు వస్తే జాబితాను రంగాలవారీగా విడదీసి, ఏ ముక్కను ఆ రంగపు కొలతతోనే చూస్తున్నాను. తర్వాత ఒక్కో పేపర్‌ను ఏ రంగాలవారు ఉదహరించారో దాన్ని ఉదహరించిన పేపర్లు పైపైన ఒక పది తెరిచి చూస్తాను. సొంత రంగం దాటి బయటివారు వాడుకుంటున్నారంటే, ఆ సంగతి మొత్తం అంకె కన్నా ఎక్కువ చెబుతుంది.

చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం వారికి ఈ లెక్కలు వర్తిస్తాయా?

చాలా తక్కువగా. అక్కడ పెద్ద పని పుస్తకంగా వస్తుంది. ఎనిమిదేళ్లు కూర్చుని రాసిన పుస్తకం హెచ్-ఇండెక్స్‌లో ఒక్క ఎంట్రీ. పుస్తకాల నుంచి పుస్తకాలకు వెళ్లే సైటేషన్లు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్‌లలో సరిగా పడవు. తెలుగు సహా ఇంగ్లిష్ కాని భాషల్లో రాసినవైతే ఇంకా తక్కువగా పడతాయి. ఈ రంగాల్లో పుస్తకం ఎవరు ప్రచురించారు, సమీక్షలు ఎక్కడ వచ్చాయి, ఏ కోర్సుల్లో పాఠ్యంగా పెట్టారు, ఏ లైబ్రరీల్లో ఉంది అన్నవే చూడాలి. సాహిత్య పరిశోధకురాలి ప్రొఫైల్‌లో 35 సైటేషన్లు చూసి పెదవి విరిచేవారు ఆమె పుస్తకం అట్టయినా తిప్పి ఉండరు.

పేపర్‌లో మొదటి పేరు ఉంటేనే విలువా?

రంగాన్ని బట్టి. జీవ, వైద్య శాస్త్రాల్లో మొదటి పేరు ఎక్కువ పని చేసినవారిది, చివరి పేరు సాధారణంగా ల్యాబ్ నడిపేవారిది. మధ్యలో ఉన్నవారి వాటా ఎంతో పేర్లు చూసి చెప్పలేం. గణితంలో, ఆర్థిక శాస్త్రంలో ఎక్కువగా అక్షరక్రమం పాటిస్తారు. అక్కడ చివర ఉన్నంత మాత్రాన పెద్ద ప్రొఫెసర్ అనుకోకూడదు, ఇంటిపేరు వై తోనో జెడ్ తోనో మొదలైందని అర్థం. ఈ చిన్న విషయం తెలియక ఒక గణిత అభ్యర్థికి ‘మొదటి రచయితగా ఒక్క పేపర్ లేదు’ అని రాసిన రిపోర్టు ఒకటి నా కళ్లతో చదివాను.

ఎవరు ఏం చేశారో విడమర్చి చెప్పడానికి చాలా జర్నళ్లు ఇప్పుడు క్రెడిట్ అనే పద్ధతి వాడుతున్నాయి. అందులో 14 రకాల పాత్రలున్నాయి: ఆలోచన, డేటా సేకరణ, సాఫ్ట్‌వేర్, మొదటి చిత్తుప్రతి, నిధులు తేవడం వగైరా. పేపర్ చివర చిన్న పేరాలో ఉంటుంది. కమిటీలో ఉన్నవారు అది చదివితే సగం వాదనలు తప్పుతాయి.

వేలమంది రచయితలున్న పేపర్లు నిజంగా ఉంటాయా?

ఉంటాయి. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద 2015లో సెర్న్ ప్రయోగశాలకు చెందిన అట్లాస్, సీఎంఎస్ అనే రెండు ప్రయోగాల బృందాలు కలిసి రాసిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. మొత్తం 33 పేజీల్లో విషయం 9 పేజీలు, మిగతా 24 పేజీలూ పేర్లూ సంస్థలే. ఆ సైటేషన్లన్నీ ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పూర్తిగా పడతాయి. ఇలాంటి బృందాల్లో ఉన్న కుర్రవాడి హెచ్-ఇండెక్స్ ముప్పయ్యేళ్ల వయసుకే కళ్లు తిరిగేలా ఉంటే అది అతని తప్పు కాదు, గొప్పా కాదు. ‘ఇందులో నువ్వు చేసిందేమిటి?’ అని అడగండి. పనిచేసినవారైతే ఉత్సాహంగా అరగంట చెబుతారు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువున్న జర్నల్‌లో వేస్తే నా పేపర్ గొప్పదైనట్టేనా?

కాదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌కు సంబంధించిన సగటు. ఒక జర్నల్ గత రెండేళ్లలో 120 వ్యాసాలు వేసింది, వాటికి ఈ ఏడాది మొత్తం 300 సైటేషన్లు వచ్చాయనుకోండి. 300ను 120తో భాగిస్తే 2.5. ఆ మూడువందల్లో సగం కేవలం రెండు పేపర్లకే వచ్చి ఉండవచ్చు, నలభై పేపర్లకు ఒక్కటీ రాకపోయి ఉండవచ్చు.

ఈ సగటు ఎంత మోసం చేయగలదో చూడాలంటే ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ’ జర్నల్ కథ వినాలి. 2008లో జార్జ్ షెల్డ్రిక్ తన షెల్‌ఎక్స్ ప్రోగ్రామ్ చరిత్ర మీద అందులో ఒక వ్యాసం రాశారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవారు దాన్నే ఉదహరించవచ్చని అందులో ఉంది. స్ఫటికాల నిర్మాణం తేల్చే పేపర్లన్నీ అలాగే ఉదహరించాయి. 2008లో రెండు చిల్లర ఉన్న ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009కి 49.9కి ఎగిరింది. రెండేళ్ల గడువు దాటాక మళ్లీ రెండు దగ్గరికి దిగిపోయింది. ఆ మధ్యలో అదే జర్నల్‌లో వేసిన మిగతావారి పేపర్లు పాతిక రెట్లు గొప్పవేమీ కాలేదు.

జర్నల్ అంకెతో మనిషిని కొలవొద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కలిసిన సంపాదకులూ ప్రచురణకర్తలూ ఒక ప్రకటన రాశారు. డోరా అంటారు దాన్ని. 2013లో బయటకు వచ్చింది. సంతకాలు చేసిన సంస్థలు చాలా ఉన్నాయి. పాటించేవి ఎన్ని అన్నది వేరే కథ.

సైటేషన్లు ఎక్కువుంటే పని మంచిదనే కదా?

ఎక్కువసార్లు వాడారని అర్థం. ఎందుకు వాడారో తెరిచి చూడాలి. లోకంలో అత్యధిక సైటేషన్లున్న పేపర్ ఆలివర్ లౌరీ బృందం 1951లో రాసినది, ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. మూడు లక్షలు దాటాయి. అదేమంత గొప్ప పేపర్ కాదని లౌరీయే అన్నారు. ల్యాబ్‌లో అందరికీ రోజూ పనికొచ్చేది, అంతే. పద్ధతులు, సాఫ్ట్‌వేర్, సమీక్షా వ్యాసాలకు ఎప్పుడూ ఎక్కువ వస్తాయి.

ఇంకో కొసన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపర్ ఉంది. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ లంకె పెట్టిన ఆ పేపర్‌ను 1998లో ‘లాన్సెట్’ వేసింది, 2010లో వెనక్కి తీసుకుంది. దానికీ వెయ్యికి పైగా సైటేషన్లున్నాయి, ఎక్కువ భాగం తప్పుబట్టడానికి రాసినవే. ఒట్టి అంకె చూసేవారికి ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

తక్కువ పేపర్లతో పెద్దవారైనవారు లేరా?

హిగ్స్ బోసాన్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ పీటర్ హిగ్స్ 1964 తర్వాత రాసినవి పదికి లోపే. ఈ రోజుల్లోనైతే తనకు ఉద్యోగమే వచ్చేది కాదని నోబెల్ అందుకున్న 2013లో ఆయనే అన్నారు. గ్రిగరీ పెరెల్మాన్, గణితంలో దాదాపు వందేళ్లు తేలని పాయింకరే ఊహకు రుజువును 2002, 2003లో మూడు ప్రీప్రింట్లుగా ఆర్కైవ్ అనే సైట్‌లో పెట్టి ఊరుకున్నారు, జర్నల్‌కు పంపనే లేదు. 2006లో ఫీల్డ్స్ మెడల్ ఇస్తామంటే వద్దన్నారు. మెండెల్ బఠాణీ మొక్కల పేపర్ 1866లో అచ్చయి 1900 దాకా నిద్రపోయింది. ఇలా చాలాకాలం ఎవరూ పట్టించుకోక తర్వాత వెలుగులోకి వచ్చే పేపర్లను ఈ రంగంలో నిద్రపోయే సుందరి అంటారు.

అయితే పేపర్లు తక్కువున్న ప్రతివారూ హిగ్స్ కాదు లెండి. ఈ పేర్లు చెప్పి తప్పించుకోవాలని చూసేవారు కూడా నా దగ్గరికి వస్తుంటారు.

సొంత పేపర్లను ఉదహరించుకోవడం తప్పా?

తప్పు కాదు. ఒకే సమస్య మీద పదేళ్లు పనిచేసినవారు వెనకటి పేపర్ చెప్పకుండా కొత్తది రాయలేరు. మొత్తం సైటేషన్లలో సొంతవి ఎంత అన్నదే చూడాలి. స్కోపస్‌లో వాటిని తీసేసి చూసే వీలుంది. తీసేయగానే అంకె సగానికి పడిపోతే అప్పుడు అనుమానం రావడం సహజం.

పైన చెప్పిన రంధ్రం ఇదే. హెచ్-ఇండెక్స్ గడప దగ్గర నిలబడ్డ ఆరో, ఏడో పేపర్‌నే ఏరి మరీ ఉదహరించుకుంటూ పోయేవారుంటారు. ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది: ఎవరూ చదవని, విషయంతో సంబంధం లేని పేపర్‌కు వచ్చిన తొమ్మిది సైటేషన్లలో ఎనిమిది ఆయన సొంతవే.

అంకెలను దొంగగా పెంచుకోవడం అంత సులువా?

2010లో సిరిల్ లాబే అనే ఫ్రెంచి కంప్యూటర్ శాస్త్రవేత్త దీన్ని సరదాగా రుజువు చేశారు. ఐక్ ఆంట్‌కేర్ అని లేని శాస్త్రవేత్తను ఒకరిని సృష్టించారు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో అర్థంపర్థం లేని పేపర్లు నూరు తయారుచేసి, ఒకదాన్నొకటి ఉదహరించుకునేలా చేసి, వెబ్‌లో పెట్టారు. గూగుల్ స్కాలర్ వాటిని నమ్మింది. ఆంట్‌కేర్ హెచ్-ఇండెక్స్ 94కి చేరింది. ఆ లెక్కన ఐన్‌స్టీన్ కూడా ఆయన వెనకే!

నిజ జీవితంలో జరిగేది ఇంత వినోదంగా ఉండదు. నువ్వు నన్ను ఉదహరించు, నేను నిన్ను ఉదహరిస్తానని ముఠాలు కడతారు. అచ్చుకు ముందు ఇతరుల పేపర్‌ను పరిశీలించే రివ్యూ చేస్తూ ‘ఈ ఐదు పేపర్లు చేర్చండి’ అని తమవే రాసే రివ్యూయర్లుంటారు. డబ్బిస్తే పేరు చేర్చే పేపర్ మిల్లులున్నాయి. క్లారివేట్ ఏటా ఇచ్చే అత్యధిక సైటేషన్ల పరిశోధకుల జాబితాలో 2023లో గణిత విభాగాన్నే పక్కన పెట్టాల్సి వచ్చింది. గణితంలో సైటేషన్లు తక్కువ కాబట్టి కొద్దిపాటి మాయ చేసినా పైకి తేలిపోవచ్చు, అదీ కారణం.

‘టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు’ అంటే ఏమిటి? నా సహోద్యోగి పేరు వచ్చింది.

స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో తయారుచేసే పట్టిక అది. 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడదీస్తారు. ఒట్టి సైటేషన్లు కాక ఆరు కొలతలు కలిపిన ఒక స్కోరు వాడతారు: ఒంటరిగా రాసినవి, మొదటి పేరుతో రాసినవి, చివరి పేరుతో రాసినవి అన్నవాటికి అందులో బరువు ఉంటుంది. సొంత సైటేషన్లు కలిపి ఒక లెక్క, తీసేసి ఒక లెక్క ఇస్తారు.

చూడాల్సింది ఒకటుంది. ఒక్క ఏడాది సైటేషన్ల మీద ఒక పట్టిక, మొత్తం జీవితకాలం మీద ఇంకొకటి విడివిడిగా ఉంటాయి. అభినందన ఫ్లెక్సీల మీద ఏ పట్టికో రాయరు. సహోద్యోగిని అభినందించండి, తర్వాత మెల్లగా అడగండి.

నా ప్రొఫైల్‌లో వేరేవారి పేపర్లు చేరిపోయాయి. ఏం చేయాలి?

ఇంటిపేరు, ఒక్క అక్షరపు ఇనీషియల్ కలిసిన ప్రతిచోటా ఇది జరుగుతుంది. జానపద సాహిత్యం మీద పనిచేసే ఒకావిడ ప్రొఫైల్‌లో కాంక్రీటు బలం మీద పదిహేడు పేపర్లు కనిపించాయి నాకు ఒకసారి. ఆమె ఎప్పుడూ ఆ పేజీ తెరిచి చూసుకోలేదట. కాంక్రీటు ఇంజినీరు గారికి ఆ సైటేషన్లు దక్కనూ లేదు. గూగుల్ స్కాలర్‌లో అయితే మీరే లాగిన్ అయి ఆ పేపర్లు తీసేయవచ్చు, కొత్తవి వాటంతట అవే చేరకుండా ‘నన్ను అడిగాకే’ అని పెట్టుకోవచ్చు. స్కోపస్‌లో దిద్దుబాటు కోరాలి, కొన్నాళ్లు పడుతుంది.

అన్నిటికన్నా ముందు ఆర్కిడ్ (ORCID) అనే పరిశోధకుల గుర్తింపు నంబర్ తీసుకోండి. 2012లో మొదలైంది, 16 అంకెలు, ఉచితం. పేరు ఎన్ని రకాలుగా రాసినా, పెళ్లి తర్వాత మార్చుకున్నా, నంబర్ ఒకటే. పేపర్ పంపేటప్పుడు ఆ నంబర్ ఇస్తే చాలు.

నాకు ఇంకా ఒక్క సైటేషన్ కూడా రాలేదు.

పేపర్ వచ్చి ఏడాదే అయితే అది మామూలే. మీ పేపర్ చదివి, వాడుకుని, రాసి, రివ్యూ దాటి అచ్చయ్యేసరికి ఎదుటివారికీ రెండేళ్లు పడుతుంది. ప్రీప్రింట్ పెట్టండి, డేటా పంచుకోండి, శీర్షికలో విషయం అర్థమయ్యేలా చూడండి. అంతకు మించి ఏం చేయక్కర్లేదు.

హెచ్-ఇండెక్స్ తగ్గుతుందా? రిటైరయ్యాక, చనిపోయాక ఏమవుతుంది?

డేటాబేస్ తప్పులు దిద్దితే తప్ప తగ్గదు. మనిషి ఆగిపోయినా అంకె ఆగదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1948లో పోయారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని నేటికీ ఉదహరిస్తూనే ఉన్నారు. డేటాబేస్‌లో వెతికేటప్పుడు మాత్రం మన ‘రావు’తో కాక ఆయన రాసుకున్న ‘రో’ స్పెల్లింగ్‌తో వెతకాలి. ఆయన నడిపిన లెడర్లీ పరిశోధన విభాగం నుంచే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ వచ్చింది. 1948లో దాని పేపర్ అచ్చయింది బెంజమిన్ డగ్గర్ పేరుతో. సుబ్బారావు పేరు కొట్టి వెతికితే ఆ పేపర్ రాదు.